మాచవరంలో మా ఆయన ఆఫీసు

ఆ గది ప్లాను మా ఆయన మొదటిసారి గీసింది వేలూరు ఆసుపత్రిలో, మంచం మీద పడుకుని, ఎక్స్‌రే పెట్టి ఇచ్చిన ఖాకీ కవరు వెనక. తలకింద రెండు దిండ్లు పెట్టించుకుని, పొట్ట మీద అట్ట ఆనించుకుని, పెన్సిలుతో చాలాసేపు గీశారు. నేను పక్కన కూర్చుని బత్తాయి వలుస్తున్నాను. దెబ్బ తగిలాక ఆయన పెన్సిలు పట్టుకోవడం అదే మొదలు. ఏం గీస్తున్నారని అడిగితే ఎక్కడ ఆపేస్తారోనని అడగలేదు. కాసేపటికి ఆయనే కవరు నా వైపు తిప్పారు.

"ఇదేంటో చెప్పు చూద్దాం."

నాలుగు గోడలు, ఒక కిటికీ, ఒక బల్ల, రెండు కుర్చీలు. "మనిల్లా?" అన్నాను.

"మనింట్లో ఆఫీసు. నేనిక పనికోసం బయటికి వెళ్ళలేను గదా. పనే మనింటికి రావాలి."

మా ఆయన డ్రాఫ్ట్స్‌మన్. గాంధీనగరంలో ఒక ఇంజనీరుగారి దగ్గర ఇళ్ళకీ మిల్లులకీ ప్లాన్లు గీసేవారు. గుడివాడ దగ్గర ఒక రైసు మిల్లు కప్పు కొలవడానికి పైకెక్కినప్పుడు కాలికింద రేకు విరిగి కిందికి పడిపోయారు. ప్రాణం దక్కింది గాని నడుము కింద నుంచి స్పర్శా కదలికా పోయాయి. అప్పటికి మా పెళ్ళై మూడేళ్ళు దాటింది. పిల్లలు లేరు. ఇక పుట్టరని అక్కడి డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పింది. ఆ మాట నేను ఆయనతో అనలేదు. ఆయనకీ ఎవరో చెప్పే ఉంటారు. ఆయనా నాతో అనలేదు.

అక్కడి నర్సులు మాకు చాలా నేర్పారు. పడుకున్నప్పుడు పక్క మార్చాలి. కూర్చున్నప్పుడు మధ్యమధ్య కుర్చీ చేతుల మీద బలం వేసి ఒళ్ళు పైకి లేపి దించాలి. రోజూ వీపూ, పిరుదులూ చూడాలి. "స్పర్శ లేని చోట పుండు పడినా ఆయనకు నొప్పి తెలీదమ్మా, నువ్వే చూసుకోవాలి," అని ఒక మలయాళీ నర్సు వచ్చీరాని తెలుగులో నాకు పదే పదే చెప్పింది. వాళ్ళిచ్చిన చక్రాల కుర్చీ, గాలి నింపిన మెత్త, ఆ ఖాకీ కవరు తీసుకుని బెజవాడ వచ్చాం. జై ఆంధ్ర గొడవలు సద్దుమణిగి రైళ్ళు మళ్ళీ సరిగ్గా తిరుగుతున్న రోజులవి.

మాచవరంలో కొండకు దగ్గరగా ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. మూడు గదులూ, వెనక వంటిల్లూ మావి. పెరటి వైపు భాగంలో ఇంటివాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. పొలాలు కౌలుకిచ్చి పట్నం చేరినవాళ్ళు. మేము క్రైస్తవులం. నేను ఇంటాయన్ని బాబాయిగారనీ, ఆవిణ్ణి పిన్నిగారనీ పిలిచేదాన్ని. మాతో మా అత్తగారు ఉండేవారు. చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో మిషను బళ్ళో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. అయినా ఆవిడ మాట అన్నాక ఇంట్లో ఇంకో మాట ఉండేది కాదు.

మేము వచ్చిన వారానికి ఇంజనీరుగారు పళ్ళు తీసుకుని చూడ్డానికి వచ్చారు.

"తొందరేముందయ్యా, ముందు ఒళ్ళు చూసుకో," అన్నారు.

"చేతులు బాగానే ఉన్నాయండి," అన్నారు మా ఆయన.

ఇంజనీరుగారు ఆయన చేతుల వంక చూసి, తల తిప్పుకుని, "ఆఫీసు మేడ మీద గదా, ఎలా ఎక్కుతావు?" అన్నారు.

"ఇంట్లోనే గీస్తానండి. గది ఏర్పాటు చేసుకుంటాను. మీరు చూసి సంతకం పెడితే చాలు."

మునిసిపాలిటీకి పంపే ప్లాను మీద అధికారం ఉన్న ఇంజనీరు సంతకం ఉండాలి. ఆయన కాసేపు ఆలోచించి, "ముందు ఏర్పాటు చేసుకో. చూద్దాం," అని లేచారు. ఆ "చూద్దాం" అనే మాటలో నాకేమీ ఆశ కనపడలేదు. మా ఆయన మాత్రం ఆయన గుమ్మం దాటగానే, "ఒప్పుకున్నారు. ఆ కవరు తీసుకురా," అన్నారు.

ఏ గదిలో అన్నదే మొదటి చిక్కు. ప్లాన్లు గీసేవాళ్ళకు ఉత్తరం వెలుతురు కావాలి. ఎండ నేరుగా కాగితం మీద పడకూడదు, చేతి నీడ గీత మీద పడకూడదు. ఉత్తరానికి కిటికీ ఉన్నది ఒక్క గదికే. దాని తలుపు పక్క సందులోకి తెరుచుకుంటుంది కాబట్టి వచ్చేవాళ్ళు మా ఇల్లంతా దాటుకుని రావక్కర్లేదు. అన్ని విధాలా ఆఫీసుకు పనికొచ్చే గది. అందులో మా అత్తగారు ఉంటున్నారు. కొడుకు ఆ మాట తల్లిని ఎలా అడగాలో తెలీక రెండు రోజులు నసిగారు. మూడో రోజు నేను నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఆవిడ ట్రంకుపెట్టె, మడత మంచం, బైబిలు అన్నీ వంటింటి పక్క వరండాలోకి చేరి ఉన్నాయి.

"అదేంటత్తయ్యా, అక్కడ చలి," అన్నాను.

"బెజవాడలో చలేంటి అమ్మాయ్. వాడి బల్లకి కొలతలు తీయించు," అన్నారావిడ.

రెండో చిక్కు గడప. ఆ ఇంటి గడపలు పాతకాలపువి, ఎత్తుగా ఉండేవి. చక్రాల కుర్చీ వాటిని దాటలేదు. పడగ్గదికీ ఆఫీసు గదికీ మధ్య ఒకటి, ఆఫీసు గదికీ సందుకీ మధ్య ఒకటి. ఎప్పుడు దాటాలన్నా నేనూ అత్తగారూ కుర్చీని చెరో వైపూ పట్టి ఎత్తాలి. గడపలు తీయిస్తామని అడగడానికి బాబాయిగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన కళ్ళు దించుకున్నారు. "నీ బాధ నాకు తెలుసమ్మా. ఇంకేదడిగినా చేస్తాను. గడప తీసిన ఇల్లు ఇల్లు కాదంటారు. మా నాన్న ప్రతిష్ఠ చేసిన గడపలు."

 పిన్నిగారు ప్రతి శుక్రవారం మా వైపు గడపలకు కూడా పసుపు రాసి బొట్లు పెట్టేది. మేము ఆ పూజలు చేసేవాళ్ళం కాకపోయినా ఏనాడూ వద్దనలేదు. ఇల్లు వాళ్ళది.

ఈ సంగతి చెబితే మా ఆయన, "సరేలే, చూద్దాం," అని ఊరుకున్నారు. ఆ ఆదివారం నేనూ అత్తగారూ మా చర్చి గుడికి వెళ్ళాం. ఆయన ఒక్కరే ఇంట్లో ఉండి, గడపకు అటూ ఇటూ చెక్క ముక్కలు పెట్టుకుని, కుర్చీని తనంతట తాను దాటించాలని చూశారు. చక్రం జారి కుర్చీ పక్కకు ఒరిగింది. మేము తిరిగొచ్చేసరికి బాబాయిగారు పంచె ఎగ్గట్టుకుని మా ఆయన్ని భుజాల కింద పట్టుకుని మంచం మీదికి చేరుస్తున్నారు. పిన్నిగారు తలుపు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చప్పుడు విని వాళ్ళే పరిగెత్తుకొచ్చారట. మోచెయ్యి చీరుకుపోయింది. పెద్ద దెబ్బ కాదు. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. 

మర్నాడు పొద్దున్నే బాబాయిగారు ఒక వడ్రంగిని వెంటబెట్టుకొచ్చారు. గడపలు కొయ్యడం మొదలయ్యాక అక్కడ నిలబడలేక ఆయన బజారుకు వెళ్ళిపోయారు. పిన్నిగారు మాత్రం నిలబడి చూసింది. నేల చదును చేసి సిమెంటు పూసి, అది ఆరాక, గడప ఉన్న చోటే నేల మీద అడ్డంగా పసుపు రాసి బొట్లు పెట్టింది. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం అలాగే చేసింది. కుర్చీ చక్రాలకు పసుపు అంటుకుని ఆఫీసు గదిలో రెండు పచ్చటి చారలు పడేవి. శనివారం నేను తుడిచేదాన్ని.

బల్ల సంగతి ఆయన చాలా ఆలోచించారు. ఎత్తు ఎంతుండాలి, చెయ్యి ఎంత దూరం చాస్తే పై గీత అందుతుంది, బోర్డు ఎంత వాలుగా ఉండాలి అన్నీ మంచం మీద కూర్చుని తన చేతులతో గాలిలో కొలుచుకునేవారు. నేను ఎదురుగా అట్ట పట్టుకుని నిలబడాలి. "కాస్త దించు. ఇంకాస్త. ఆఁ, అక్కడ." పెళ్ళైన కొత్తలో కూడా మేమిద్దరం అంతసేపు ఎదురెదురుగా ఉన్నట్టు నాకు గుర్తు లేదు. బల్లకు పొట్ట దగ్గర సగం చందమామలా కోత పెట్టించుకున్నారు, దగ్గరగా జరిగి వంగడానికి వీలుగా. కుడి చేతి వైపు ఇంకు సీసా దిగే గుంట. ఎడమ వైపు చుట్టిన కాగితాలు నిలబెట్టే పెట్టె. కిటికీకి పల్చటి ముతక తెర.

అంతా అయ్యాక, వడ్రంగి చేత ఒక మామూలు చేతుల కుర్చీ కూడా చేయించమన్నారు.

"ఎవరికండీ? వచ్చేవాళ్ళకి రెండున్నాయిగా," అన్నాను.

"నాకే. చక్రాల కుర్చీలో కనపడితే వచ్చినవాళ్ళు ముందు నన్ను చూస్తారు. నన్ను చూసి జాలిపడి పనిస్తారు, లేకపోతే జాలిపడి ఇవ్వకుండా పోతారు. నాకు రెండూ వద్దు. ప్లాను చూసి ఇవ్వాలి."

"మెత్త?"

"దాని మీద కూర్చుంటే ఒళ్ళు ఊగుతోంది. గీత వంకర పోతుంది. దుప్పటి మడిచి వెయ్యి."

అత్తగారు మంగళగిరి నేత తువ్వాలు ఒకటి నాలుగు మడతలు వేసి, అంచులు కుట్టి, నడుముకు పట్టీ చేశారు. కుర్చీ వీపుకు దాన్ని కట్టేస్తే ఆయన ఒరిగిపోకుండా ఉంటారు. పైన చొక్కా, కింద బల్ల. బయటివాళ్ళకు ఏమీ తెలీదు. రోజూ పొద్దున టిఫిను అయ్యాక నేనూ అత్తగారూ ఆయన్ని ఆ కుర్చీలోకి చేర్చి, పట్టీ కట్టి, కాళ్ళు సరిగ్గా సర్ది, చక్రాల కుర్చీని పడగ్గదిలోకి తోసి తలుపు వేసేవాళ్ళం. అప్పుడే సందు వైపు తలుపు తీయాలి. అది ఆయన నియమం. "క్షమించాలి, కాలికి దెబ్బ తగిలింది, లేవలేను," అని కూర్చునే నమస్కారం పెట్టేవారు.

ఇంజనీరుగారు ఒకరోజు వచ్చి గదంతా చూశారు. బల్ల కోతను వేళ్ళతో తడిమి చూశారు. ఆ మర్నాడే ఒక పని పంపించారు. ఆ తర్వాత ఒకరి నోట విని ఒకరు వచ్చారు.

గీయడం ఆయన పని. స్థలం దగ్గరికి వెళ్ళి కొలవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనయ్యాను. నేను చదివింది స్కూలు ఫైనలు. టేపు పట్టుకోవడం, మూల నుంచి మూలకు కొలవడం, అన్నీ ఆయనే మా పెరట్లో నేర్పారు. పిన్నిగారి బట్టలారేసే దండెం, బావి, తులసికోట అన్నీ కొలిపించారు.

నేను ఒంటరిగా వెళ్ళి కొలిచిన మొదటి స్థలం పటమటలో. కూచిపూడి దగ్గర పల్లెటూరి రైతు ఒకాయన మనవరాళ్ళను బెజవాడలో చదివించాలని అక్కడ స్థలం కొన్నారు. పెద్ద వయసు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని స్థలం దగ్గర నా కోసం నిలబడి ఉన్నారు.

"నువ్వా అమ్మాయ్ కొలిచేది?"

"నేనేనండి. ఆయన గీస్తారు."

"ఆయన రారా?"

"కాలికి దెబ్బ తగిలిందండి."

ఆయన కాసేపు నన్ను చూసి, "అయితే ఈ కొస నేను పట్టుకుంటాలే," అని టేపు అందుకున్నారు. ఎండలో ఇద్దరం అటూ ఇటూ నడిచాం. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. సిగ్గేసినా ఆపలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన కొలతలు ఒక్కసారి చూసి పక్కన పెట్టి, ప్రశ్నలు మొదలుపెట్టారు. పక్కింటి కిటికీలు ఎటున్నాయి? స్థలంలో చెట్లేమున్నాయి? రోడ్డు ఎత్తా, స్థలం ఎత్తా? సాయంత్రం నీడ ఎక్కడ పడుతుంది? తెలిసినవి చెప్పాను.

"గాలి ఎటు నుంచి వస్తోంది?"

"అడగలేదండి," అన్నాను.

"గాలి సంగతి ఎవర్ని అడుగుతావే," అని ఆయన పకపకా నవ్వారు. పడిపోయిన తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి. వంటింట్లోంచి అత్తగారు చేతిలో గరిటెతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. కొడుకు నవ్వు అయిపోయేదాకా చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు సాయంత్రం రిక్షా కట్టించుకుని పటమట వెళ్ళి, ఆ ఖాళీ స్థలం మధ్యలో నిలబడి, పైట చెంగు ఎటు ఎగురుతోందో చూసుకుని వచ్చాను.

ఆ రైతు చాలాసార్లు వచ్చేవారు. వంటిల్లు ఇటు మార్చమనీ, దేవుడి గది కాస్త పెంచమనీ, ఏదో ఒకటి. పనికన్నా మా ఆయనతో మాట్లాడ్డం ఆయనకిష్టం. వచ్చారంటే మధ్యాహ్నం దాకా కదిలేవారు కారు. పంటల గురించి, కాలవ నీళ్ళ గురించి చెప్పేవారు. మా ఆయన కూడా వదలకుండా వినేవారు. ఒకరోజు ఆ రైతు కళ్ళజోడు పెట్టె జారి బల్ల కిందికి పోయింది. తీసుకోవడానికి వంగారు. పైకి లేవడం కాస్త ఆలస్యమైంది. లేచాక ముఖంలో ఏమీ కనపడలేదు. చెబుతున్న మాట ఎక్కడ ఆపారో అక్కడ్నుంచే అందుకున్నారు. వెళ్ళేటప్పుడు సందులో నా దగ్గర ఆగారు.

"ఎన్నాళ్ళైందమ్మా?"

చెప్పాను.

"కట్టేసుకుని కూర్చుంటున్నాడా," అన్నారు. జవాబు కోసం ఆగలేదు. తలపాగా చుట్టుకుంటూ వెళ్ళిపోయారు.

తర్వాతి వారం వచ్చి, "బాబూ, వీధి వైపు మెట్లు వద్దు. వాలుగా పెట్టండి. ముసలాణ్ణి, మోకాళ్ళు పట్టేస్తున్నాయి," అన్నారు.

మా ఆయన పెన్సిలు తీసుకున్నారు. "ఎంత వాలు పెట్టమంటారు?"

"మీకెంతైతే సుఖమో అంత పెట్టండి."

మాట జారిందని ఆ రైతుకూ తెలిసింది. దిద్దుకోలేదు. మా ఆయన తల వంచుకుని కాగితం మీద స్కేలు పెట్టారు. తల ఎత్తకుండానే మెల్లగా అన్నారు, "పొడుగ్గా పోవాలండి మరి. ముందు వైపు స్థలం పోతుంది."

"పోనీండి. గృహప్రవేశానికి మీరు రావాలి గదా."

ఆ రోజు ఆయన వెళ్ళాక మా ఆయన భోజనానికి పిలిచినా పలకలేదు. సాయంత్రం దాకా ఆ ఒక్క వాలే గీస్తూ, చెరుపుతూ, మళ్ళీ గీస్తూ కూర్చున్నారు.

పుండు నేను చూసింది ఆ చలికాలంలోనే. మొదట చిన్న ఎర్రటి మచ్చ. రెండు రోజుల్లో తోలు ఊడింది. చక్రాల కుర్చీలోనో, మంచం మీదో ఉంటే మధ్యమధ్య ఒళ్ళు లేపుకునేవారు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఆ పని చెయ్యరు. పట్టీ కట్టుకుని, మడిచిన దుప్పటి మీద, చెక్క కుర్చీలో గంటల తరబడి కదలకుండా ఉండిపోతారు. డాక్టరు వచ్చి కట్టు కట్టి, బోర్లా పడుకుని ఉండాల్సిందే అన్నాడు. కొన్ని వారాలు అలాగే ఉన్నారు. గడ్డం కింద దిండు పెట్టుకుని, మంచం పక్క స్టూలు మీద నేను పెన్సిలు ప్లాను మీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి ఆ గీతల్నే ఇంకుతో ఎక్కిస్తుంటే చూసి చెప్పేవారు. ఇంకు పెన్ను ఎలా పట్టాలో, గీత చివర ఎలా ఎత్తాలో, అక్షరాలు ఎలా నిలబెట్టాలో అప్పుడే నాకు వచ్చాయి. పుండు ఆరింది. ఆయన మళ్ళీ చెక్క కుర్చీ అడిగారు.

"చక్రాల కుర్చీలోనే కూర్చోండి. మెత్త ఉంటుంది. ఎవరేమనుకుంటే మనకేం?" అన్నాను.

"నీకేం. నువ్వు నడుస్తావు," అన్నారు.

ఆయన నన్ను అంత మాట అనడం ఎప్పుడూ లేదు. నేను బయటికి వచ్చేశాను. ఇదంతా విన్న మా అత్తగారు ఆ చెక్క కుర్చీని తనే మోసుకెళ్ళి పెరట్లో బావి పక్కన పెట్టేశారు. ఆ తర్వాత మా ఆయన చక్రాల కుర్చీలో బల్ల దగ్గర కూర్చున్నారు, కానీ సందు తలుపు తీయనివ్వలేదు. ఎవరైనా తట్టితే, "ఊళ్ళో లేనని చెప్పు," అనేవారు. పెన్సిలు చెక్కేవారు, పెట్టేవారు. అన్నం సగంలో వదిలేసేవారు. అలా కొన్నాళ్ళు చూసి, ఒక పొద్దున అత్తగారు బావి దగ్గర్నుంచి కుర్చీని లోపలికి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, బల్ల ముందు వేశారు.

"అత్తయ్యా," అన్నాను.

"పట్టీ తీసుకురా అమ్మాయ్," అన్నారు, నా ముఖం చూడకుండా.

వేసవి మొదలయ్యేసరికి పుండు మళ్ళీ లేచింది. ఈసారి లోపలికి పోయింది. జ్వరం వచ్చింది, తగ్గలేదు. ఊళ్ళో ఆసుపత్రిలో చేర్చాం. రక్తంలోకి విషం పాకిందన్నారు. కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టినా గది నిప్పుల కుంపటిలా ఉండేది. బాబాయిగారు, పిన్నిగారు రోజూ క్యారియరు పట్టుకొచ్చేవారు. మా గుడి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళేవారు. మా ఆయన తెలివిలో ఉన్నప్పుడల్లా పటమట ప్లాను గురించే మాట్లాడారు.

"వాలు పక్కన చేతిపట్టు గీయలేదు. మర్చిపోయాను."

"నేను గీస్తానండి."

"రెండు వైపులా."

"రెండు వైపులా గీస్తాను."

"ఆయనకి మోకాళ్ళ నొప్పి ఏమీ లేదే. పొలం గట్ల మీద రోజూ నడుస్తాడు," అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. అవి ఆయన నాతో నేరుగా మాట్లాడిన చివరి మాటలు. తర్వాత కలవరింతలే. ఒక మధ్యాహ్నం నేను తడిగుడ్డ పిండుకుని వచ్చి నుదుటి మీద వేస్తుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. కొడుకు కళ్ళు ఆవిడే మూశారు. కాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచి, తర్వాత 'యెహోవా నా కాపరి' అనే ఇరవై మూడో కీర్తన మొదలుపెట్టారు. బళ్ళో పిల్లలకు చెప్పినట్టు స్పష్టంగా, ఒక్క మాట తడబడకుండా చెప్పారు. నేను గొంతు కలపలేకపోయాను.

సమాధుల తోటకు ఆ రైతు వచ్చారు. చెప్పులు వదిలి దూరంగా నిలబడ్డారు. పిడికెడు మట్టి వేసేటప్పుడు మాత్రం ముందుకు వచ్చారు.

పది రోజుల తర్వాత నేను ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని పటమట ప్లాను పూర్తి చేశాను. ట్రేసింగ్ గుడ్డ మీద నీళ్ళ చుక్క పడితే పాడైపోతుంది. అందుకని మధ్యమధ్య లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, ముఖం తుడుచుకుని, మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. ఇంజనీరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన పరిచి చూస్తూ, "ఇది ఎప్పుడు పూర్తి చేశాడు?" అన్నారు. నేను గీశానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంతకం పెట్టాక, "మా దగ్గర ఇలా ప్లాన్లు ఇంకుతో ఎక్కించే ట్రేసర్ ఉద్యోగం ఖాళీగా ఉందమ్మా. ఆలోచించుకో," అన్నారు.

ఆ తర్వాత కూడా చాలా రోజులు సందు వైపు తలుపు తట్టేవాళ్ళు. "ప్లాన్లు గీసే ఆయన ఉన్నారా అండీ?" అత్తగారే వెళ్ళి తలుపు తీసేవారు. "లేరండి," అని మెల్లగా చెప్పి, వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా నిలబడి చూసేవారు. కొందరికి ఆ మాట అర్థమయ్యేది కాదు. "ఎప్పుడొస్తారు?" అనేవారు. అప్పుడు నన్ను పిలిచేవారు.

గుడిలో ఆడవాళ్ళు జాలిగా ఏవేవో అనేవారు. ఒకామె ఒకసారి నా ముందే, "ఆ కుర్చీయే ప్రాణం తీసిందటగా. మీరైనా కాస్త గట్టిగా ఉండాల్సిందండీ," అంది అత్తగారితో. ఆవిడ పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"కుర్చీ తీసేసి నాలుగు రోజులు చూశానమ్మా. వాడు నా కళ్ళముందే పోతున్నాడు. మళ్ళీ తెచ్చి వేశాను," అన్నారు.

 ఇంటికి నడిచి వస్తుంటే దారి పొడుగునా అత్తగారి చెయ్యి నేను పట్టుకున్నాను.

పటమట ఇల్లు ఆ మరుసటి ఏడాది పూర్తయింది. మమ్మల్నిద్దర్నీ పిలవడానికి ఆ రైతే స్వయంగా వచ్చారు. వెళ్ళాం. మనవరాళ్ళు ఇద్దరూ ఆ వాలు మీద పైకీ కిందికీ పరుగులు పెడుతున్నారు. అత్తగారు చేతిపట్టు పట్టుకుని మెల్లగా పైకి ఎక్కి, పైన కాసేపు నిలబడి గాలి పీల్చుకున్నారు. భోజనం చేయకుండా వచ్చేస్తే బాగుండదని చేశాం. రెండు ముద్దలు తిన్నామో లేదో.

మేము మాచవరం ఇల్లు ఖాళీ చేశాం. ఇద్దరికీ అంత ఇల్లు అక్కర్లేదు. బల్ల తలుపులోంచి పట్టక విప్పించి ఇంజనీరుగారి ఆఫీసుకు పంపించాం. అక్కడ ఎవరో వాడుకున్నారు. నేను ట్రేసరుగా చేరాను. మేడ మీద హాల్లో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఉండేవాళ్ళు. మొదటి రోజు వాళ్ళు నాతో ఎంతో మర్యాదగా, మెల్లగా మాట్లాడారు. మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాను. క్యారియరు విప్పాక ఏడుపు ఆగలేదు. వాళ్ళలో చిన్నది లేచి వచ్చి మంచినీళ్ళు పెట్టి వెళ్ళింది.

సాయంత్రం బస్సు దిగేసరికి స్టాపు దగ్గర అత్తగారు చేతిసంచితో నిలబడి ఉన్నారు.

"ఇంత దూరం ఎందుకొచ్చారత్తయ్యా?"

"ఇంట్లో ఒక్కదాన్నే ఏం చెయ్యను? తోటకూర కొందామని," అన్నారు.

సంచిలో తోటకూర అప్పటికే ఉంది. మేము కొత్తగా మారిన అద్దె గదికి ఇద్దరం కాలవ గట్టు వెంట నడిచాం. ఆవిడ బతికినన్నాళ్ళూ, ఒంట్లో బాగున్న ప్రతి సాయంత్రమూ, ఆ స్టాపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.